గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద రెండు కంపెనీల పేర్లు: ఏ పేరు దేనికి, ఎలా చూసి కొనాలి

"అన్నా, నేను ఎన్‌విడియా కార్డు అడిగితే షాపుల జోటాక్ ఇచ్చిన్రు. డూప్లికేట్ కాదు కదా?"

హన్మకొండలో కంప్యూటర్లు అసెంబుల్ చేయడం మొదలుపెట్టిన నాటి నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. మొన్న పరకాల నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. పిల్లవాడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. కార్డు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, సీలు కూడా తీయలేదు. పత్తి అమ్మిన డబ్బుతో కొన్నారట. డబ్బా మీద జోటాక్ అన్న పేరు పెద్దగా ఉంది, ఎన్‌విడియా ఆకుపచ్చ గుర్తు ఒక మూలన ఉంది. మోసపోయామేమోనని రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. కార్డు అసలుదే, దాంట్లో ఏ లోపమూ లేదు. ఆ టెన్షన్ ఇంకో ఇంట్లో పడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి

ఎన్‌విడియా, ఏఎండీ చిప్‌ను డిజైన్ చేస్తాయి. వాటికి సొంత చిప్ ఫ్యాక్టరీలు లేవు. ఇప్పుడొస్తున్న కార్డుల చిప్‌లు ఎక్కువగా తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ దగ్గర తయారవుతాయి. ఆ చిప్‌ను ఆసుస్, ఎంఎస్‌ఐ, గిగాబైట్, జోటాక్, సఫైర్ లాంటి కంపెనీలు కొని, బోర్డు మీద ఎక్కించి, తమ హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ), తమ ఫ్యాన్లు బిగించి, తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి. వీటిని పార్ట్‌నర్ కార్డులంటారు. కొన్ని మోడళ్ళకు మాత్రం చిప్ కంపెనీయే తన పేరుతో కార్డు తెస్తుంది. ఎన్‌విడియా వాటిని ఫౌండర్స్ ఎడిషన్ అంటుంది. 2016లో జీటీఎక్స్ 1080తో ఆ పేరు మొదలైంది. ఏఎండీ తెచ్చేదాన్ని రిఫరెన్స్ కార్డు అంటారు. ఇంటెల్ ఆర్క్‌లో అయితే లిమిటెడ్ ఎడిషన్.

ఎనుమాముల మార్కెట్‌లో ఒకే బస్తా మిర్చి కొని, కారం పట్టించి, రెండిళ్ళవాళ్ళు మామిడికాయ తొక్కు పెట్టారనుకోండి. ఘాటు రెండిళ్ళలోనూ ఒకటే. ఉప్పు, నూనె, జాడీ మాత్రం ఎవరివి వాళ్ళవి. ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందన్నది పెట్టినవాళ్ళ చేతిలో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డూ అంతే. వేగం చిప్‌ది. వేడి, చప్పుడు, సైజు, వారంటీ మాత్రం కార్డు చేసిన కంపెనీవి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొలత టేపు. దర్జీలు వాడే మెత్తటి టేపైనా చాలు.
- మీ క్యాబినెట్ పక్క తలుపు తీసి, లోపల తీసిన ఫోటో.
- ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) మీదున్న స్టిక్కర్ ఫోటో. వాట్లు, వైర్ల వివరాలు దాని మీద ఉంటాయి.
- కొనాలనుకున్న కార్డు పూర్తి పేరు, ఒక్క అక్షరం కూడా వదలకుండా.
- కార్డు వచ్చాక స్టార్ స్క్రూడ్రైవర్. ఉచితంగా దొరికే రెండు సాఫ్ట్‌వేర్లు: కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్, కార్డును పూర్తి పనిలో పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్.

1. పేరును ముక్కలు చేసి చదవండి

ఉదాహరణకు షాపాయన చీటీ మీద "జోటాక్ గేమింగ్ జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 ట్విన్ ఎడ్జ్ ఓసీ 8 జీబీ" అని రాసిచ్చాడు. ఒక్కో ముక్క కింద గీత గీయండి.

జోటాక్ అంటే కార్డు చేసిన కంపెనీ. రేపు పాడైతే మీరు వెళ్ళాల్సింది వీళ్ళ సర్వీస్ సెంటర్‌కే. జీఫోర్స్ అంటే చిప్ ఎన్‌విడియాది అని. రేడియాన్ అని ఉంటే ఏఎండీది, ఆర్క్ అని ఉంటే ఇంటెల్‌ది. ఆర్‌టీఎక్స్ 4060 అన్నది చిప్ మోడల్. మీ ఆటలు, మీ వీడియో ఎడిటింగ్ ఎంత వేగంగా నడుస్తాయన్నది దాదాపుగా ఈ ముక్కే తేలుస్తుంది. ట్విన్ ఎడ్జ్ అన్నది జోటాక్ పెట్టుకున్న పేరు, రెండు ఫ్యాన్ల డిజైన్ అని అర్థం. ఓసీ అంటే ఫ్యాక్టరీలోనే వేగం కొంచెం పెంచి ఇచ్చారని. చివరిది మెమరీ.

ఓసీ గురించి ఒక మాట. ఆర్‌టీఎక్స్ 4060కి ఎన్‌విడియా చెప్పిన బూస్ట్ వేగం 2460 మెగాహెర్ట్జ్. ఓసీ కార్డుల్లో దానికి కొన్ని పదుల మెగాహెర్ట్జ్ కలుస్తాయి, అంతే. ఆటలో అది సెకనుకు కనిపించే బొమ్మల్లో (ఫ్రేముల్లో) ఒకటి రెండింటి తేడా. ఆ రెండక్షరాల కోసం వేలు పోయొద్దు.

కంపెనీలు తమలో తాము పెట్టుకున్న మెట్లు కూడా తెలిసి ఉంటే మంచిది. ఆసుస్‌లో డ్యూయల్, ప్రైమ్ కింది మెట్టు, టఫ్ మధ్యది, ఆర్‌ఓజీ స్ట్రిక్స్ పై మెట్టు. ఎంఎస్‌ఐలో వెంటస్ కింద, గేమింగ్ ట్రియో మధ్యలో, సుప్రిమ్ పైన. గిగాబైట్‌లో విండ్‌ఫోర్స్, ఈగిల్, ఆ పైన గేమింగ్ ఓసీ, అన్నిటికీ పైన ఆరస్. ఏఎండీ వైపు సఫైర్ వాళ్ళ పల్స్ మామూలుది, నైట్రో ప్లస్ ఖరీదైనది. పవర్‌కలర్‌లో ఫైటర్ కింద, హెల్‌హౌండ్ మధ్య, రెడ్ డెవిల్ పైన. సఫైర్, పవర్‌కలర్ ఏఎండీ చిప్‌లతోనే కార్డులు చేస్తాయి. జోటాక్, పాలిట్, ఇన్నో3డీ ఎన్‌విడియా చిప్‌లతో చేస్తాయి. ఆసుస్, గిగాబైట్ రెండూ చేస్తాయి. కాబట్టి ఎవరైనా "సఫైర్ ఆర్‌టీఎక్స్ 4060 ఉంది, తక్కువకిస్తా" అంటే అక్కడి నుంచి లేచి రండి.

2. చిప్ ముందు ఖాయం చేసుకోండి, కంపెనీ తర్వాత

ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. "ఆసుస్‌లో ఏముంది చూపించండి" అని మొదలుపెడతారు. ముందు చిప్, మెమరీ నిర్ణయించుకోండి.

ఇక్కడ పెద్ద గుంత ఒకటుంది: ఒకే పేరుతో వేరు వేరు చిప్‌లు. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ దాంట్లో 2560 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 128 బిట్ మెమరీ (బిట్లు ఎక్కువైతే మెమరీ దారి వెడల్పు), వాడకం 130 వాట్లు. 2024లో వచ్చిన 6 జీబీ దాంట్లో 2304 కోర్లు, 96 బిట్, 70 వాట్లు. డబ్బా మీద రెండింటికీ పేరు ఒకటే. ఆర్‌టీఎక్స్ 3060 కూడా 12 జీబీ అయితే 192 బిట్, 8 జీబీ అయితే 128 బిట్. పాత జీటీ 1030 మరీ ఘోరం. డీడీఆర్4 రకం మెమరీ వేగం జీడీడీఆర్5 రకంలో మూడో వంతు దగ్గర ఆగిపోతుంది.

మా చిన్నమ్మ కొడుకుకు కొన్నప్పుడు ఈ దెబ్బ నాకే తగిలింది. ఫోన్‌లో ధర మాట్లాడుకున్నది 8 జీబీ 3050కి. బిల్లులో "3050 గ్రాఫిక్ కార్డ్" అని మాత్రమే రాశారు. ఇంటికొచ్చిన డబ్బాలో 6 జీబీది ఉంది. తిరిగి వెళ్ళి అడిగితే, "బిల్లులో రాసిందే ఇచ్చాం కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటి నుంచి కార్డు పూర్తి పేరు, మెమరీ బిల్లు మీద రాయించుకోకుండా డబ్బు తీసి ఇవ్వను. మీరూ ఇవ్వకండి.

3. ఆ చిప్‌కు కంపెనీ సొంత కార్డు ఉందో లేదో చూడండి

చాలా చిప్‌లకు అసలు ఉండదు. ఆర్‌టీఎక్స్ 4060కి, ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి ఫౌండర్స్ ఎడిషన్ లేదు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070, 9070 ఎక్స్‌టీలకు రిఫరెన్స్ కార్డు లేదు. అంటే ఈ చిప్‌లు కావాలంటే పార్ట్‌నర్ కార్డే దిక్కు. "ఒరిజినల్ కంపెనీదే కావాలి" అని పట్టుబట్టి తిరిగితే చెప్పులు అరగడమే. ఎవరైనా "4060 ఫౌండర్స్ ఎడిషన్ తెప్పిస్తా" అంటే ఆయనకు తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదని అనుకుని ఉండాలి.

ఆర్‌టీఎక్స్ 5070కి మాత్రం ఉంది. ఫౌండర్స్ ఎడిషన్లో నాకు నచ్చేవి రెండు: ఎన్‌విడియా ప్రకటించిన మూల ధరకే పెట్టి అమ్మడం, సైజు పొందిగ్గా ఉండడం. 5070 ఫౌండర్స్ ఎడిషన్ పొడవు సుమారు 24 సెంటీమీటర్లు, మందం రెండు స్లాట్లు. చిన్న క్యాబినెట్ ఉన్నవాళ్ళకు బాగా నప్పుతుంది. కాకపోతే స్టాక్ తక్కువ వస్తుంది, వరంగల్ షాపుల్లో కంటికి కనిపించడం అరుదు.

కంపెనీ సొంతది కాబట్టి అదే గొప్పది అనుకోవడం కూడా తప్పే. 2022 చివర్లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ రిఫరెన్స్ కార్డుల్లో కొన్నిటికి కూలర్ లోపల, వేడిని మోసుకుపోయే వేపర్ ఛాంబర్‌లో ద్రవం సరిపడా లేక, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే చోటు) 110 డిగ్రీలకు చేరింది. ఏఎండీ 2023 జనవరిలో ఆ లోపాన్ని ఒప్పుకుని కార్డులు మార్చి ఇచ్చింది. అదే చిప్‌తో సొంత కూలర్లు బిగించిన పార్ట్‌నర్ కార్డులకు ఆ సమస్య రాలేదు.

4. టేపు పెట్టి కొలవండి

క్యాబినెట్ పక్క తలుపు తీయండి. వెనక గోడ నుంచి, అంటే కార్డు పోర్టులు బయటికి వచ్చే చోటు నుంచి, ముందు ఫ్యాన్ దాకా కొలవండి. ముందు రేడియేటర్ కానీ హార్డ్ డిస్క్ గూడు కానీ ఉంటే దాని దగ్గరే ఆగండి. వచ్చిన కొలతలోంచి 2 సెంటీమీటర్లు తీసేయండి. కార్డును వంచి లోపలికి దించడానికి ఆ జాగా కావాలి.

ఒకే ఆర్‌టీఎక్స్ 4060 ఒక కంపెనీ రెండు ఫ్యాన్లతో 22, 23 సెంటీమీటర్లలో చేస్తే, ఇంకో కంపెనీ మూడు ఫ్యాన్లు పెట్టి 28 సెంటీమీటర్లకు సాగదీస్తుంది. చిప్ అదే, 115 వాట్లదే. నాలుగేళ్ళ కింద ఒక స్నేహితుడికి మూడు ఫ్యాన్ల కార్డు తెప్పించి, బిగించబోతే హార్డ్ డిస్క్ గూటికి తగిలింది. రెండు వేళ్ళ మందం తక్కువపడింది. గూటికున్న రివెట్లు తొలిపించి తీసేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అతని ప్రాజెక్టు పని ఆగిపోయింది. అప్పుడు నేను చేయాల్సిందల్లా ఒక్క నిమిషం టేపు పట్టడం.

మందం కూడా చూడండి. ఒక్కో స్లాట్ సుమారు 2 సెంటీమీటర్లు. కార్డు 2.5 స్లాట్లు అని ఉంటే 5 సెంటీమీటర్లు లెక్కేసుకోండి. కింద వైఫై కార్డు ఉంటే మూసుకుపోతుంది. ఇక క్యాబినెట్ అడుగున ఎస్‌ఎంపీఎస్ గది పైకప్పుకు, కార్డు ఫ్యాన్లకు మధ్య కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి. లేకపోతే ఫ్యాన్ తిరుగుతుంది కానీ పీల్చడానికి గాలి ఉండదు.

5. కరెంటు లెక్క

మదర్‌బోర్డు స్లాట్ కార్డుకు 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆ పైన కావాలంటే వైరు పెట్టాలి. 6 పిన్నుల వైరు 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు. ఇందాక చెప్పిన 6 జీబీ 3050 70 వాట్లే కాబట్టి దానికి విడిగా వైరు అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్‌లో వేసుకునేవాళ్ళకు అది మేలు. అయితే అదే చిప్‌తో కొన్ని పార్ట్‌నర్ మోడళ్ళు వైరు అడుగుతాయి. కొనేముందు ఆ ఒక్క మోడల్ పేజీలో చూసుకోండి.

4060కి మొత్తం సిస్టమ్‌కు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్‌విడియా చెబుతుంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 500 అని రాసి ఉన్నా నమ్మకండి. 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లిస్తుందో స్టిక్కర్‌లో చూసి, 12తో గుణించండి. వచ్చిన అంకె మీద రాసిన వాట్లకు చాలా తక్కువగా ఉంటే ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చండి, కార్డు తర్వాత. మన దగ్గర ఎండాకాలం గాలిదుమారం వచ్చినప్పుడల్లా కరెంటు పోయి వస్తుంటుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

జాగ్రత్త: సీపీయూకి వెళ్ళే వైరు కూడా 8 పిన్నులదే, కానీ అది వేరు. కార్డుకు పెట్టే వైరు కొన మీద పీసీఐఈ లేదా వీజీఏ అని ఉంటుంది. దూరకపోతే బలవంతం చేయకండి. పెద్ద కార్డులకు వచ్చే 16 పిన్నుల సన్న ప్లగ్ అయితే మధ్యలో సందు కనిపించకుండా చివరిదాకా నొక్కాలి, ప్లగ్ దగ్గరే వైరు మలచకూడదు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090లు కొన్ని ప్లగ్ దగ్గర కరిగిపోయింది ఈ సాకెట్‌లోనే. అది ఏ ఒక్క కంపెనీకో పరిమితమైన సమస్య కాదు.

6. మన ఎండలకు తగ్గ కూలర్ ఎంచుకోండి

పార్ట్‌నర్‌ను ఎంచుకోవడంలో మనకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. రివ్యూల్లో కార్డు వేడి 65 డిగ్రీలని చూపిస్తారు. ఆ పరీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీలున్న గదుల్లో జరుగుతాయి. మే నెలలో వరంగల్‌లో బయట 43, 44 ఉన్నప్పుడు, ఏసీ లేని మేడ మీది గదిలో మధ్యాహ్నం 37, 38 మామూలే. గది ఎంత పెరిగితే కార్డూ దాదాపు అంతే పెరుగుతుంది. రివ్యూలో చూపిన అంకెకు 14, 15 కలిపి చదవండి. 65 అన్నది 80 అవుతుంది. రివ్యూలోనే 76 ఉన్న కార్డు మన దగ్గర 90 గీతను తాకి, తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది.

నా అభిప్రాయం చెబుతాను. 130 వాట్ల లోపు చిప్‌కు రెండు ఫ్యాన్ల మామూలు కార్డు సరిపోతుంది. 4060కి మూడు ఫ్యాన్లు దండగ. 200 వాట్లు దాటిన చిప్‌కు మాత్రం ఏసీ లేని గదైతే మూడు ఫ్యాన్లు, లావుపాటి హీట్‌సింక్ ఉన్నది తీసుకోండి. ఆ ఖర్చు ఊరికే పోదు. ఒకే ఫ్యాన్‌తో వేడిని వెనక నుంచి బయటికి ఊదే బ్లోవర్ రకం కార్డులు చప్పుడు బాగా చేస్తాయి. పక్కన తమ్ముడో చెల్లెలో చదువుకుంటుంటే కష్టం.

బ్యాక్‌ప్లేట్, రంగుల లైట్లు వేగాన్ని ఏమీ పెంచవు. ఇష్టమైతే తీసుకోండి, తప్పేం లేదు. కానీ వాటి ధర వాటికే అని తెలుసుకుని తీసుకోండి.

7. ధరల పట్టీ రాసుకోండి

ఒక కాగితం మీద మీరు అనుకున్న చిప్‌తో అన్నిటికంటే చవకైన కార్డు ధర, అన్నిటికంటే ఖరీదైన కార్డు ధర, ఆ పై చిప్‌లో చవకైన కార్డు ధర రాయండి. ఖరీదైన కార్డు, పై చిప్‌కు దగ్గరగా వచ్చిందంటే మామూలు కూలర్‌తో పై చిప్ తీసుకోవడమే మేలు. పై మెట్టు డబ్బా ఎంత అందంగా ఉన్నా లోపల కింది చిప్ కింది చిప్పే. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఆ పై చిప్‌కు సరిపోతుందో మళ్ళీ చూసుకోండి.

అడిగేటప్పుడు "18 శాతం జీఎస్టీ కలిపి ఎంత?" అని అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనండి, బిల్లు లేకపోతే వారంటీకి ఆధారం ఉండదు. హన్మకొండలో రెండు మూడు షాపులు అడిగి, ఆన్‌లైన్ ధర చూసి, తేడా మరీ ఎక్కువనిపిస్తే కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, ప్యారడైజ్ దగ్గరున్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. తేడా వెయ్యి, పదిహేను వందలే అయితే ఊళ్ళోనే కొనండి. కార్డులో ఏదైనా వస్తే మాట్లాడటానికి మనిషి దగ్గర్లో ఉంటాడు.

8. వారంటీ ఎవరిదో కొనకముందే అడగండి

చిప్ ఎన్‌విడియాదైనా వారంటీ జోటాక్‌దో, ఆసుస్‌దో. ఎన్‌విడియాకు ఫోన్ చేస్తే కార్డు చేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళమంటారు. మన దేశంలో ఎక్కువగా 3 సంవత్సరాలు ఇస్తున్నారు. జోటాక్ లాంటివాళ్ళు కొన్నాక గడువులోపు వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే అదనపు సంవత్సరాలిస్తారు. డబ్బా తెరిచిన రోజే ఆ పని చేయండి, తర్వాత చేద్దామంటే మరిచిపోతారు.

అడగాల్సినవి మూడు. సర్వీస్ సెంటర్ ఎక్కడ, హైదరాబాద్‌లో ఉందా? మనమే తీసుకెళ్ళాలా, కొరియర్ చేయాలా? హీట్‌సింక్ విప్పి పేస్ట్ మారిస్తే వారంటీ పోతుందా? కంపెనీలు కూడా శాశ్వతం కాదు. అమెరికాలో ఎంతో పేరున్న ఈవీజీఏ 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డుల నుంచే తప్పుకుంది.

"మా బావ అమెరికా నుంచి వస్తుండు, అక్కడ చవక, తెమ్మంటా" అని చాలామంది అంటారు. వరంగల్‌లో ఇంటికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి ఈ ఆలోచన రావడం సహజం. తెప్పించుకోవచ్చు. కానీ చాలా వారంటీలు కొన్న దేశంలోనే చెల్లుతాయి. పాడైతే మళ్ళీ బావ వెళ్ళేటప్పుడు పంపాలి. నేనైతే ఆ పని చేయను.

9. డబ్బా తెరవడం, బిగించడం

డబ్బా తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఫోన్‌లో వీడియో తీయండి. డబ్బా మీది సీరియల్ నంబరు, కార్డు వెనక స్టిక్కర్ మీది నంబరు ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే అక్కడికక్కడే ఆపి షాపుకు ఫోన్ చేయండి.

స్విచ్చాఫ్ చేసి, ప్లగ్ తీసి, ఒకసారి క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని పని మొదలుపెట్టండి. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పొడుగు స్లాట్‌లో, టక్ మని గొళ్ళెం పడేదాకా కార్డును నొక్కండి. వెనక స్క్రూలు రెండూ బిగించండి. పెద్ద కార్డు కిందికి వాలుతుంటే డబ్బాలో వచ్చిన స్టాండ్ పెట్టండి.

మానిటర్ వైరును కార్డుకే పెట్టండి. మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి "కొత్త కార్డు వేసినా వేగం పెరగలేదు" అని వారం రోజులు బాధపడ్డ ఇంజనీరింగ్ విద్యార్థులను నేను చూశాను. డ్రైవర్ ఎన్‌విడియా లేదా ఏఎండీ వెబ్‌సైట్ నుంచే దించుకోండి. కార్డు ఏ పార్ట్‌నర్‌దైనా డ్రైవర్ చిప్ కంపెనీదే. పాత కార్డు వేరే కంపెనీదై ఉంటే డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేయండి.

10. వచ్చింది అసలుదేనా, చక్కగా పనిచేస్తోందా

జీపీయూ-జెడ్ తెరవండి. పేరు, మెమరీ, బిట్ల సంఖ్య మీరు కాగితం మీద రాసుకున్నవాటితో పోల్చండి. సబ్‌వెండర్ అన్న గడిలో పార్ట్‌నర్ పేరు కనిపిస్తుంది. జోటాక్ కార్డు కొంటే అక్కడ జోటాక్ అనే ఉండాలి. పాత జీటీఎస్ 450 లాంటి చిప్‌లకు సాఫ్ట్‌వేర్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మిన మోసాలు జరిగాయి. అలాంటివాటిలో చాలావాటిని జీపీయూ-జెడ్ పట్టుకుని, పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. పరకాల నుంచి వచ్చిన ఆ పిల్లవాడికి కూడా ఈ తెరే చూపించాను. సబ్‌వెండర్ గడి మీద వేలు పెట్టి వాళ్ళ నాన్నకు తనే చదివి వినిపించాడు.

ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కొన్నవాళ్ళు ఆర్‌ఓపీ (బొమ్మను చివరగా సిద్ధం చేసే చిప్ భాగాలు) అన్న గడి కూడా చూడండి. 2025 ఫిబ్రవరిలో కొన్ని 5090, 5080, 5070 టీఐ కార్డులు 8 ఆర్‌ఓపీలు తక్కువతో బయటికి వచ్చాయని తేలింది. 5070 టీఐకి 96 ఉండాల్సిన చోట 88 ఉన్నాయి. లోపం చిప్‌లోది, ఎన్‌విడియా ఒప్పుకుంది. కానీ మార్పిడికి వెళ్ళమన్నది కార్డు చేసిన కంపెనీ దగ్గరికే. వారంటీ ఎవరిదో ముందే అడగమన్నది ఇందుకే.

తర్వాత ఫర్‌మార్క్ ఒక 15 నిమిషాలు నడపండి. క్యాబినెట్ తలుపు మూసే ఉంచండి. గది వేడి ఎంతో, కార్డు వేడి ఎంతో, ఫ్యాన్ వేగం ఎంతో రాసుకోండి. 80 లోపు ఉంటే నిశ్చింత. 83 దాటితే క్యాబినెట్‌లోకి గాలి ఎలా వస్తోందో చూడండి. తలుపు తీయగానే 8, 10 డిగ్రీలు తగ్గితే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌ది. ముందు ఫ్యాన్ ఒకటి పెట్టించండి. మామూలు వేడికీ హాట్‌స్పాట్‌కూ 30 డిగ్రీల తేడా ఉంటే మాత్రం హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదని అనుమానించి, వెంటనే షాపుకు తీసుకెళ్ళండి.

కంగారు పడక్కర్లేనివి కొన్ని ఉన్నాయి:

- ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు తిరగకపోవడం. చాలా పార్ట్‌నర్ కార్డులు వేడి పెరిగాకే ఫ్యాన్ తిప్పుతాయి.
- 4060లో ఎక్స్16 స్లాట్‌లో ఎక్స్8 అని చూపించడం. ఆ చిప్‌కు 8 లేన్లే (డేటా దారులే) ఉన్నాయి.
- ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో హాట్‌స్పాట్ అంకె కనిపించకపోవడం.
- ఆట మెనూలో సన్నగా కీచురాయి కూత లాంటి చప్పుడు. ఫ్రేములకు పరిమితి పెడితే తగ్గుతుంది.

పాత కార్డు కొంటున్నట్లయితే

పద్ధతి ఇదే, కాకపోతే డబ్బు ఇవ్వకముందే ఎదురుగా జీపీయూ-జెడ్, ఫర్‌మార్క్ నడిపించమనండి. సీరియల్ నంబరు స్టిక్కర్ గీరేసి ఉన్నా, స్క్రూ మీది వారంటీ స్టిక్కర్ చిరిగి ఉన్నా వారంటీ లేదనుకునే ధర మాట్లాడండి. అసలు బిల్లు తప్పకుండా అడగండి. కొన్ని కంపెనీలు సీరియల్ నంబరును బట్టి వారంటీ ఇస్తాయి, కొన్ని మొదట కొన్నవాళ్ళకే ఇస్తాయి. ఏ కంపెనీ ఎలాగో ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. ఇక్కడ కూడా చిప్ కంపెనీ వెబ్‌సైట్ పనికిరాదు.

మొదటి రోజు రాసుకున్న ఆ మూడు అంకెల కాగితాన్ని క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి. మే నెలలో అదే పరీక్ష మళ్ళీ చేయండి. గది ఎన్ని డిగ్రీలు పెరిగిందో కార్డు వేడిలోంచి అంత తీసేసి చూడండి. మిగిలింది పాత అంకె కంటే 5, 6 డిగ్రీలు ఎక్కువుంటే హీట్‌సింక్‌లో దుమ్ము పట్టిందని లెక్క. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులిపి, మళ్ళీ నడిపి చూడండి.